ఫ్యాను ఆపి ఫోటో దాచే పగిడయ్య

లోకమంతా ఫోటోలను చిన్నవి చేసి దాచుకుంటుంటే, పెద్దవిగానే దాచాలని పంతం పట్టిన మనిషిని నేను ఒక్కణ్నే చూశాను. ఆయన సారపాకలో ఆన్‌లైన్ సెంటర్ నడిపే పగిడయ్య.

సెంటర్ అంటే ఒక రేకుల గది, గోడకు నీలం కర్టెన్, వైరుతో వేలాడే కెమెరా, దేవుడి దయవల్ల నడిచే ఒక కంప్యూటర్. నేను అడవి అంచు గూడెంలో అంగన్‌వాడీ టీచర్ని. దరఖాస్తు పెట్టాల్సిన వాళ్లను వెంటబెట్టుకుని నెలకు రెండుసార్లయినా అక్కడికి వెళ్లేదాన్ని. ఏ సైటయినా అడిగేది ఒకటే: యాభై కేబీ లోపు జేపీజీ ఫోటో. పగిడయ్య మాత్రం తీసిన ప్రతి ఫోటోనూ ముందు బీఎంపీ అనే భారీ రకంలో దాచేవాడు. ఆ తర్వాతే దాన్నుంచి చిన్న జేపీజీ తీసి సైటుకు పంపేవాడు. ఆ పెద్ద ఫైలు దాచడానికి కంప్యూటర్ పడే ఆయాసం చూస్తే, నెలలు నిండి మా సెంటర్ మెట్లెక్కే తల్లులు గుర్తొచ్చేవారు.

పైగా అది దాచుకునేంతసేపూ ఫ్యాను ఆపాలి. కరెంటు ఊగితే ఫైలు పోతుందట. మే నెల, సారపాక, రేకుల కప్పు. మనం ఏం అడిగినా ఆయన జవాబు ఒకటే.

"ఫ్యాన్ బందు. సేవ్ అయితాంది."

నేను కొంగుతో విసురుకుంటూ రామనామం చెప్పుకునేదాన్ని. ఒక ఫోటోకు సరిగ్గా నూటెనిమిది పడేది. భద్రాద్రి రాముడి గుడిలో కూర్చున్నా అంత జపం చేసి ఎరగను. ఆ పుణ్యమంతా పగిడయ్య ఖాతాలోదే.

ఒకసారి సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేసే సీతయ్య రుమాలు పిండుకుంటూ అడిగాడు.

"నా మొకం దాయనీకి గింత సేపాయె?"

"నీ మొకం అయిదు ఎంబీ వచ్చింది సీతయ్యా. మీసమే ఒక ఎంబీ."

"అయితే మీసం తీసేస్త."

"గిప్పుడు తీస్తే ఏం లాభం. ఫైల్ల పడ్డది."

నేనూ చెప్పి చూశాను. "పగిడన్నా, మొదలే జేపీజీల పడేటట్టు సెట్టింగ్ మార్చుకోరాదే? ఒక్క నొక్కుడే గదా."

"టీచరమ్మా, నువ్వు పిల్లలకు గుడ్డు పెడ్తవా, పెంకు పెడ్తవా?"

"సైటోళ్లు అడిగేది పెంకే గదన్నా."

"వాళ్లకు పెంకే పంపుతున్న. గుడ్డు నా దగ్గరుంటది."

"ఉంచుకుని పొదుగుతవా?"

ఆయన కీబోర్డును బోర్లించి దుమ్ము దులిపాడు. ఇరుకున పడ్డప్పుడల్లా చేసే పని అది. ఆదివారం సెంటర్ తలుపు మీద మాత్రం ఒక అట్ట వేలాడేది: 'ప్రింటర్ టెస్టింగ్. ఎవరూ రావద్దు.' వారం వారం టెస్టింగ్ చేసినా బాగుపడని ఆ ప్రింటర్‌ను తలుచుకుని మేమంతా నవ్వుకునేవాళ్లం.

పోయిన వేసవిలో మా గూడెం కన్నమ్మ తన కూతురు వనజను వెంటబెట్టుకుని గురుకులం సీటు కోసం నాతో బయల్దేరింది. ఆ రోజే ఆఖరు. సైటు అయిదింటికి మూస్తారు. ఆటో చెడి, మేం చేరేసరికి నాలుగున్నర. పగిడయ్య ఫోటో తీశాడు, ఫ్యాను ఆపాడు, దాచడం మొదలుపెట్టాడు. సగంలో కరెంటు పోయి కంప్యూటర్ ఆరిపోయింది. కరెంటు వచ్చాక మళ్లీ తీసి, దాచేముందు బ్యాటరీ వైరు చూసి రావడానికి గది వెనక్కి పోయాడు.

"సీటు పోతదా టీచరమ్మా?" అంది కన్నమ్మ.

నేను లేచి పగిడయ్య కుర్చీలో కూర్చున్నాను. సెట్టింగ్ తెరిచాను. పెద్ద రకం తీసేసి, చిన్న జేపీజీ పెట్టి నొక్కాను. కన్నుమూసి తెరిచేలోగా ఫోటో పడింది. దరఖాస్తు వెళ్లిపోయేసరికి అయిదుకు ఇంకా పది నిమిషాలుంది. విజయగర్వంతో ఫ్యాను కూడా వేశాను.

పగిడయ్య వచ్చి తెర చూశాడు. "పెద్దది దాచినవా?"

"లేదు. సెట్టింగే మార్చిన. చూడు, ఎంత జల్దీ అయిందో."

"పిల్లను ఒక్కసారి కర్టెన్ ముందట నిలబెట్టు. మళ్ల తీస్త."

"ఇంకో నూటెనిమిదా? నీకో దండం."

ఆటోలో ఊరు చేరేదాకా ఆయన్ను తలుచుకుని నవ్వాను.

వనజకు సీటొచ్చింది. హాస్టల్‌కు వెళ్లింది. వానలు పడ్డాక నేను పసిపిల్లల లెక్క రాసుకోవడానికి ఇల్లిల్లూ తిరిగాను. రామన్న ఇంట్లో గోడ మీద చనిపోయిన అతని తల్లి ఫోటో ఉంది. ఇంత వెడల్పు, ముఖంలో ప్రతి ముడతా కనబడుతోంది. వెనక నీలం కర్టెన్. పక్కింట్లో ఇంకో ముఖం, అదే నీలం కర్టెన్. ఆ పక్కింట్లోనూ అదే.

"ఇవి ఎక్కడివి రామన్నా?"

"పగిడయ్య సారు ఇచ్చిండు. ప్రింటర్ టెస్టింగ్ చేసిన కాగితమంట, పారేసేదంట. కావాలంటే తీస్కపొమ్మన్నడు."

"అందరికీనా?"

"మా ఇంట్ల అయిదుగురం. అయిదు సార్లు టెస్టింగ్ చేసిండు."

కన్నమ్మ ఇంట్లోనూ వనజ ఫోటో ఉంది. చిన్న ఫైలును సాగదీసినందుకు ముఖమంతా గచ్చు మీద బండలు పరిచినట్టు గళ్లు గళ్లుగా ఉంది. బొట్టు నుదురంతా పరుచుకుంది.

"తప్పు సారుదేనంట," అంది కన్నమ్మ. "ప్రింటర్ కరాబైందన్నడు, ఏమనుకోకు అన్నడు. ఇటు రా టీచరమ్మా, ఈ గుంజ కాడ నిలబడి చూడు. ఇక్కడికెల్లి చూస్తే నా బిడ్డ లెక్కనే ఉంటది."

గుంజ దగ్గర నిలబడి చూశాను. నా తప్పు అక్కడి నుంచి కూడా స్పష్టంగానే కనబడింది.

దసరా సెలవులకు వనజ రాగానే తల్లీకూతుళ్లను సారపాక తీసుకెళ్లాను. పగిడయ్య కంప్యూటర్‌కు కొత్త చీటీ అంటించి ఉంది: 'సెట్టింగ్ ముట్టరాదు. ముఖ్యంగా టీచర్లు.'

"ఫోటో తియ్యన్నా."

"ఏ సైటుకు?"

"సైటుకు గాదు. ప్రింటర్ టెస్టింగ్‌కు."

ఆయన కీబోర్డును బోర్లించి చాలాసేపు దులిపాడు. ఆ తర్వాత ఎప్పటికన్నా పెద్ద సైజు పెట్టి ఫోటో తీశాడు. నేను కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. నూటెనిమిది అయ్యేసరికి ఫైలు సగమే ఎక్కింది. మళ్లీ ఒకటి నుంచి అందుకున్నాను.

అంతలో సీతయ్య లోపలికొచ్చి, ఉస్సురంటూ ఫ్యాను స్విచ్చి మీద చేయి వేశాడు.

"ఫ్యాన్ బందు సీతయ్యా," అన్నాను. "సేవ్ అయితాంది."