కోడ్ రాకముందు నలభై రోజులు

నా పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, జనవరి చివర్లో, గుంటూరు జిల్లాలో ఓ మిరప మండలానికి గ్రామీణ నీటి సరఫరా శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ అయ్యాను. చర్చి పక్క కాలనీకి బోరు, కుళాయిలు అప్పటికే మంజూరయ్యాయి. గొట్టాలు దిగాయి. నేను ముగ్గు పోసి హద్దు చూపిస్తే పలుగు పడుతుంది.

కానీ శాసనసభ్యుడు గారు కొబ్బరికాయ కొట్టాకే పలుగు వేయడం మా దగ్గర ఆచారం. నిబంధనల్లో కొబ్బరికాయ ఊసే లేదు. అయినా అది లేకుండా పని మొదలుపెట్టిన మొనగాణ్ణి నేను చూడలేదు. వారికి ఒకసారి పెళ్ళి అడ్డొచ్చింది, ఒకసారి అష్టమి, మరోసారి గొంతునొప్పి. అలా నలభై రోజులు గడిచాక పంచాయతీ ఎన్నికల ప్రకటన వెలువడింది, కోడ్ వచ్చింది. కోడ్ ఉండగా అప్పటికే మొదలైన పని సాగవచ్చు. మంజూరై మొదలవనిది మాత్రం కదలకూడదు.

మర్నాడు కాలనీకి వెళ్ళి ఆ మాటే చెప్పాను. మరియమ్మ అనే కూలీ అప్పుడే మిరప కోత నుంచి వచ్చింది. మండే చేతులతో మనవరాలిని ఎత్తుకోలేక గుమ్మంలోనే నిలబడింది. కడుక్కోవాలంటే ఊరవతల చేతిపంపు దాకా నడవాలి.

“కోడ్ నిన్నగదండీ వచ్చింది? గొట్టాలు దిగి నెల దాటిపోయింది. మరిన్నాళ్ళూ ఎవరాపారండీ?” అంది.

సిగ్గేసింది. పైవాళ్ళతో మాట్లాడతానన్నాను. మాట్లాడలేదు.

కోడ్ ముగిసిన మర్నాడే శాసనసభ్యుడు గారు వచ్చి కొబ్బరికాయ కొట్టారు. కుళాయిలో నీళ్ళు పడేసరికి మే నెల. ఆ ఏటి కోతలు అయిపోయాయి.

అన్ని ఎన్నికలూ ఒకేసారి జరపాలా అన్న చర్చ జోరుగా సాగుతున్న రోజులవి. కోడ్ వల్ల ఏ పని ఎన్నాళ్ళు ఆగిందో రాయమని మాకో నమూనా పత్రం పంపారు. కొబ్బరికాయ కోసం ఆగిన రోజులకు అందులో గడి లేదు. రిమార్కుల్లో రాద్దామని పెన్ను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. మొత్తం ఆలస్యాన్ని కోడ్ మీదికే తోసేశాను. “ఒకేసారి ఎన్నికలు ఎందుకు కావాలో తెలియాలంటే ఈ ఒక్క కాగితం చాలు” అని మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు మెచ్చుకున్నారు.

ఎన్నికలు ఎన్నిసార్లు జరపాలన్నది పెద్దలు తేల్చుకుంటారు. నాకు తెలిసింది ఇంతే. కోడ్ వచ్చాక పని మొదలుపెట్టే అధికారం నాకు లేదు. అంతకుముందు నలభై రోజులూ ఉంది.