ఎడమ అట్ట నుంచి తీసిన రీళ్లు

నాకు మైక్రోఫిల్ము అంటే ప్రాణమని నా వీడ్కోలు సభలో ఎవరో మైకు పట్టుకుని చెప్పారు. పచ్చి అబద్ధం. ఉద్యోగమంతా దాన్ని తిట్టుకుంటూనే గడిపాను. పాతబస్తీలోని మా రికార్డు ఆఫీసులో కిటికీ తెరవకూడని గది నాది. పులిసిన వెనిగర్ వాసన కొట్టే రీళ్లను పాత టీవీ అంత రీడర్ మిషనుకు తగిలించి పిడి తిప్పడమే నా పని. దాని బల్బు పోతే ఎక్కడా దొరికి చావదు. ఫిల్ము పెళుసెక్కి తెగుతుంది, టేపు అతికిస్తే మళ్లీ అక్కడే తెగుతుంది.

నేను చేరిన కొత్తలో పాత రిజిస్టర్లన్నీ ఫిల్ముకెక్కించి, చెదలు పట్టిన పుస్తకాలను పారేయమని ఉత్తర్వు వచ్చింది. పుస్తకాలు పోయాయి, ఫిల్మే మిగిలింది. వాటిలో కొన్ని రీళ్లు తలకిందులు. ఉర్దూ పుస్తకం మనకు చివరి అట్ట అనిపించే వైపు నుంచి మొదలవుతుంది. ఫొటోలు తీసినవాడికి ఉర్దూ రాదు. తెలుగు పుస్తకం తెరిచినట్టే తెరిచి, ఆఖరి పేజీ నుంచి మొదటి పేజీకి తీసుకుంటూ పోయాడు. నకలు కోసం వచ్చిన ప్రతివాడి ముందూ వాణ్ని తిట్టడం నాకు అలవాటు. ఎవడో అడ్డగాడిద చేసిన పని అనేవాణ్ని.

రెండేళ్ల కిందట ఫలక్‌నుమా నుంచి ఒకామె రావడం మొదలుపెట్టింది. బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో పని, సగం రోజు సెలవు అడుక్కుని వచ్చేది. వాళ్లుంటున్న ఇంటి జాగా తనదని పక్కవాడు కోర్టుకెక్కాడు. ఆ జాగాను అప్పటి సర్కారు ఆమె మామగారి తాతకు ఇచ్చినట్టు మా రిజిస్టరులో ఉంది. ఆ నకలు లేకపోతే ఇల్లు పోతుంది. వివరమంతా ఒక పేజీలో, మొహరు ముద్రా సంతకమూ తర్వాతి పేజీలో ఉన్నాయి. రీలు తలకిందులు కాబట్టి ఆ తర్వాతి పేజీ ముందు వస్తుంది. రీళ్లను కంప్యూటరుకెక్కించిన కాంట్రాక్టరు కూడా అదే వరసలో నంబర్లు గుద్ది పారేశాడు.

మా ఆఫీసరు ఉర్దూ చదవగలడు. రెండు పేజీలూ చదివి, ఒకే దస్తావేజని ఒప్పుకుని, సంతకం మాత్రం పెట్టనన్నాడు. వరస మార్చి నకలు ఇచ్చే అధికారం తనకు లేదట. తీసిన ఆపరేటరు తప్పు తనదేనని రాసిస్తే అప్పుడు చూస్తాడట. పిరికిపంద అని మనసులో అనుకుని, బయటికొచ్చి, ఆ ఆపరేటరు ఎప్పుడో చచ్చాడని ఆమెకు చెప్పాను.

"వాని చేతులిర్గ," అందామె.

నేనూ గొంతు కలిపాను. ఎనిమిది నెలలు, ఆమె వచ్చినప్పుడల్లా ఇద్దరం కూర్చుని వాణ్ని తిట్టాం. ఆమె తెచ్చిన ఫ్లాస్కులో చాయ్ తాగుతూ తిట్టాం.

ఆ ఆపరేటర్ని నేనే. ప్రతి రీలు చివరా ఒక కార్డు ఉంటుంది. ఈ రికార్డును పూర్తిగా, సక్రమంగా తీశానని, కింద నా సంతకం. అది తెర మీదికి రాబోతుంటే పిడి జోరుగా తిప్పేసేవాణ్ని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పుస్తకం ఎటు నుంచి తెరవాలో పక్కగదిలోని ఉర్దూ గుమాస్తాని ఒక్కమాట అడిగితే పోయేది, నామోషీ అనిపించి అడగలేదు. ఆయనే చూసి చెప్పేసరికి పుస్తకాలు లారీ ఎక్కాయి. నేను నోరు మూసుకున్నాను.

నా రిటైర్మెంటుకు రెండు వారాలుందనగా ఆమె మళ్లీ వచ్చింది. ఎల్లుండే ఆఖరి వాయిదా. మిషను పక్కన నేల మీద కూలబడింది.

"వాని ఇల్లేడుందో జెప్పన్నా. వాడు సచ్చిపోతే పెండ్లాం పిల్లలన్న ఉంటరు గదా. కాళ్లు మొక్కి రాయించుకొస్త."

ఇల్లు ఎక్కడని చెప్పను? అబద్ధం ఇంకొకటి నోటిదాకా వచ్చింది కూడా. ఆమె పెన్ను తీసి, చాయ్ మరకల కవరు మీద అడ్రసు రాసుకోవడానికి సిద్ధంగా కూర్చుంది. ఆ పెన్నే అడిగి తీసుకుని, తెల్లకాగితం మీద నా పేరుతో ఉన్నదంతా రాసి, ఆఫీసరు బల్ల మీద పడేశాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. నకలు మీద సంతకం పెట్టాడు. నా రిటైర్మెంటు కాగితాలకు ఒక మెమో కూడా తగిలించాడు.

వరండాలో ఆమెకు నకలు ఇచ్చి, ఆ ఆపరేటరు నేనేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. నకలును జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది.

"తప్పు ఎవలైనా జేస్తరన్నా. గని నా పక్కన గూసోని, నా చాయ్ తాగుకుంట, నాతోటి తిట్టినవ్ సూడు. గది మర్శిపోను."

వచ్చిన ప్రతిసారీ వెళ్లేటప్పుడు పోయొస్తనన్నా అనేది. ఆ రోజు ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.