కొంగు కింద మల్లన్న కథ

ఇయర్‌ఫోన్లు అమ్మే దుకాణంలో కొత్త ప్లాస్టిక్కూ స్పాంజీ కలిసిన వాసన ఒకటి ఉంటుంది. మొన్న హైదరాబాదులో అది తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. అమ్మేవాడు ఏవేవో గొప్పలు చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం సిద్దిపేటలో, లాల్ కమాను దగ్గరి ఖాదర్ భాయ్ రేడియోల దుకాణంలో, బాపు చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆ రోజుల్లో పాట అంటే అందరిదీ. హోటల్లో రేడియో మోగితే బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా వినేవాళ్ళు, ఎవరింట్లోనైనా పెళ్ళయి మైకు కడితే వాడంతా ఆ పాటలతోనే పప్పు రుబ్బుకునేది, బట్టలు ఉతుక్కునేది. అలాంటి కాలంలో బాపు తమ్ముడు, మా చిన్నాయిన, గల్ఫులోని దమ్మాం నుంచి వస్తూ అరచేతిలో పట్టే వాక్‌మన్ తెచ్చాడు. దాంతోపాటు వచ్చిన హెడ్‌ఫోన్ వైరు సామాన్ల కింద నలిగి తెగిపోయింది. దాంతో మేం ఆ పెట్టెను చేతులు మార్చుకుంటూ, లోపల చక్రాలు తిరగడం చూసే మురిసిపోయాం.

అది ఎవరికన్న విషయంలో ఇంట్లో వాదనే లేదు. నాయనమ్మకు చెముడు ముదిరింది. ప్రతి ఏడూ చలి తగ్గే వేళకు కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయి, ఒగ్గు కథ చెప్పేవాళ్ళ ముందు పొద్దంతా కూర్చుని, నుదుట పసుపు బండారితో, కొంగున మాకోసం బెల్లమూ పుట్నాలూ కట్టుకుని వచ్చే మనిషి, "మూతులు కదులుడు సూసెటందుకు గంతదూరం ఎందుకు పోవాలె" అని ఇల్లు కదలడం మానేసింది. పిలిస్తే పలకదు, పలికితే కసురుతుంది. చిన్నాయిన జాతరలో మల్లన్న కథ టేపు చేసుకొచ్చి ఇంట్లో టేప్‌రికార్డరులో ఎంత పెద్దగా పెట్టినా, పక్కింటివాళ్ళకు కథంతా నోటికి వచ్చింది గానీ ఆమెకు డోలు చప్పుడు తప్ప మాట అందలేదు. ఇక మిగిలిన ఆశ చెవినంటుకుని మోగే ఆ యంత్రం ఒక్కటే.

బాపు, అమ్మ, నేను ఆమెను వెంటబెట్టుకుని కొత్త హెడ్‌ఫోన్ కోసం ఖాదర్ భాయ్ దగ్గరికి పోయాం. నాయనమ్మ ముందుగా వాక్‌మన్‌కు బండారి బొట్టు పెట్టి మొక్కింది. భాయ్ అద్దాల బీరువా తెరిచాడు.

"గిది సూడు అవ్వా, గుండీ లెక్క ఉంటది. చెవుల పెట్టుకుంటె ఎవ్వలికి కనబడది."

"చీమ వొయినట్టున్నది, తియ్ కొడుకా."

తర్వాత చెవిని మొత్తం మూసే నల్లటి గిన్నెల్లాంటివి తీశాడు. అవి చెవి పై అంచున ఉన్న బంగారు బవిరీలను నొక్కేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బవిరీలు తియ్యమన్నాడు బాపు. "నన్ను కాష్టంల పెట్టేటప్పుడు తియ్యుర్రి" అంది నాయనమ్మ.

చివరికి నారింజ రంగు స్పాంజివి మిగిలాయి. మెత్తగా ఉన్నాయి, ఆమెకు నచ్చాయి. మల్లన్న కథ పెడుతున్నామని సైగ చేయగానే గంజి పెట్టిన కొంగును తలమీదికి లాక్కుని, రెండు మడతలుగా చెవుల మీదుగా బిగించింది. దేవుని కథ వట్టి తలతో వినడం ఆమె ఎరగదు. ఆ కొంగు మీదనే హెడ్‌ఫోన్ పెట్టారు. కథ వినే ఆడవాళ్ళంతా అలాగే కూర్చుంటారు కాబట్టి మాకెవరికీ అది వింతగా తోచలేదు. భాయ్ వాల్యూము చివరిదాకా తిప్పాడు. నాయనమ్మ మా మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది.

"దీంట్ల ఏం లేదు బిడ్డా. నా చెవులే సచ్చినయ్."

ఆమె కసురుకోలేదు. అందుకే మాకు భయమేసింది. బాపు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

"అత్తమ్మా, జర ఆగు," అంటూ అమ్మ ముందుకొచ్చింది. కొంగు జారనివ్వకుండా లోపలికి చేతులు పోనిచ్చి, స్పాంజి చెవులకు తగిలేలా హెడ్‌ఫోన్‌ను కిందికి చేర్చి, మళ్ళీ కొంగు సర్దింది.

నాయనమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. చేతులు జోడించింది. మాకెవరికీ ఏ మాటా వినపడని ఆ దుకాణంలో, పెద్దగా "ఊ" అంది. కాసేపాగి మళ్ళీ "ఊ". ఊ కొట్టకపోతే చెప్పేవాడు ఆపేస్తాడు కదా, పెట్టెలో ఉన్నవాడైనా సరే! బ్యాటరీల కోసం వచ్చినాయన నోరు తెరవబోతే, "జర ఠైరో, అవ్వ కథ ఇంటున్నది" అని భాయ్ వేలు చూపించాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు మెట్ల దగ్గర ఆగారు. ఒక ఊలో నవ్వుంది, ఒక ఊలో "అయ్యో పాపం" ఉంది, పెళ్ళి ఘట్టం వచ్చిందని సాగదీసిన ఊతోనే మాకు తెలిసింది. అన్ని డోళ్ళూ, తాళాలూ, అంతమంది మనుషులూ ఒక్క ముసలామె తలలోకి పోయి కూర్చున్నారంటే నాకు ఒళ్ళు జలదరించింది. బాపు కళ్ళు తుడుచుకోవడం నేను చూడటం అదే మొదలు. టేపు ఒకవైపు అయిపోయేదాకా దుకాణంలో ఎవరూ కదల్లేదు.

ఇప్పుడు ఆ దుకాణం లేదు, భాయ్ లేడు, నాయనమ్మ లేదు, కాసెట్టు బూజుపట్టి పోయింది. మల్లన్న కథ మాత్రం ఫోనులో వేలితో నొక్కితే చాలు, ఎంతో శుభ్రంగా వినిపిస్తుంది. వింటున్నంతసేపూ ప్రతి మాట చివరా నాకు ఏదో వెలితి. చిన్నాయిన కథ చెప్పేవాళ్ళను టేపు చేసుకొచ్చాడే గానీ, ఊ కొట్టే మనిషిని టేపు చేయాలని మాలో ఒక్కరికీ తోచలేదు.