మాను మీద నుంచి పడిన పన్ను

ఆకాశం నుంచి వడగళ్లు పడ్డాయంటే నమ్ముతారు. పూలవాన కురిసిందన్నా, దేవుడి సంగతి కదా అని తలాడిస్తారు. మరి పన్ను పడిందంటే? మా ఊళ్లో పడింది. భారతం జరుగుతుండగా, పట్టపగలు, అంతమంది చూస్తుండగా పడింది. పడేసిన ఘనుణ్ణి నేనే. నవ్వాలనుకున్నవాళ్లు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం నవ్వకుండానే చెబుతాను. ఆ రోజు మా ఇంట్లో ఒక మనిషి బతుకు ఆ పన్ను మీద ఆధారపడి ఉండింది మరి.

మాది పూతలపట్టు దగ్గర చెరకు పండించే ఊరు. వానలు బాగా పడిన ఏడు ఎండాకాలంలో ధర్మరాజుల గుడి ముందర భారతం పెడతాం. వేషగాళ్లు బయటి ఊళ్ల నుంచి వస్తారు. అర్జునుడి తపస్సు నాడు మాత్రం మాను ఎక్కేది మా ఇంటి మగవాడే. మాను అంటే నిలువునా పాతిన పొడవాటి దూలం. దానికి మెట్లు కొట్టి, పైన చిన్న మంచె కడతారు. అర్జునుడు మెట్టుకో పద్యం పాడుతూ ఎక్కి, పైన కూర్చుని శివుణ్ణి పాశుపతం అడుగుతాడు. కింద పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో ఒడి పట్టి నిలబడతారు. పైనుంచి అర్జునుడు విసిరిన నిమ్మకాయ ఎవరి ఒడిలో పడితే వాళ్ల కడుపు పండుతుందని నమ్మకం. పడినదాన్ని ఎవరికీ చూపించకుండా కొంగు మూసి, గుడి చుట్టూ తిరిగి, ఇంటికి తెచ్చి దేవుని గూట్లో దాచుకోవాలి.

ఏళ్ల తరబడి ఆ మాను ఎక్కింది మా నాయన. ఆయన మోకాళ్లు మొరాయించాక వంతు మా అన్నకు రావాలి. కానీ పెళ్లాం ఒడి పట్టేటప్పుడు మొగుడు మాను ఎక్కకూడదు. అందుకని నాకొచ్చింది.

మా వదిన పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఒడి పడుతూనే ఉంది. ఒక్కసారీ ఏమీ పడలేదు. ఇందులో దేవుడి తప్పేం లేదు. నిమ్మకాయ గాల్లో ఉండగానే పక్కామెకు దారి వదిలే మనిషి ఆమె. ఆ ఏడు మా మేనత్త వచ్చి, అన్నకు ఇంకో సంబంధం చూద్దామని అమ్మ చెవిలో వేసింది. అమ్మ సరేననలేదు, వద్దనీ అనలేదు. "ఈ భారతం కానీ, సూద్దాం" అంది. ఆ మాట వంటింట్లో ఉన్న వదిన వినింది. అప్పటి నుంచి ఇంట్లో ఆమె గాజుల చప్పుడు తప్ప గొంతు వినపడలేదు.

ఒకరోజు గొడ్లకాడ ఆమెతో అన్నాను.

"వదినా, ఈసారి మాను మీద నేనే కదా. గురి చూసి నీ ఒడిలోనే వేస్తా."

"నువ్వు వేస్తే ఏమప్పా లాభం? ఆయప్ప వెయ్యాల" అని గుడివైపు చూపించింది. అంతలోనే, "అయినా కొంచెం నా పక్కకే వెయ్యి" అంది. నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు. ఆ క్షణంలో నేను నిజంగానే అర్జునుణ్ణి అయిపోయాను.

ఇక నా పన్ను సంగతి. అది పోవడంలో వీరత్వం ఏమీ లేదు. బోరింగు కొడుతూ, పక్కనున్నవాళ్లతో కబుర్లాడుతూ, పైకి లేచిన హ్యాండిలుకు మూతి అడ్డం పెట్టాను. ముందరి పన్ను వేరుతో సహా ఊడి బిందెలో పడింది. పన్ను లేని అర్జునుడు "శివశంకరా" అంటే ఈల వస్తుంది. నాయన నన్ను వెంటనే తిరుపతికి తీసుకుపోయాడు. పళ్ల డాక్టరు అప్పుడప్పుడే ఇంప్లాంటు వైద్యం మొదలుపెట్టాడు.

"ఎముకలో స్క్రూ బిగిస్తాను. అది ఎముకతో కలిసిపోవడానికి నెలలు పడుతుంది. తర్వాత దాని మీద పన్ను పెడతాను" అన్నాడు డాక్టరు.

"అంటే నాటతారా సార్?" అన్నాడు నాయన.

"అట్లే అనుకోండి."

"నాటినాక నీళ్లు?"

"ఆయన తాగే నీళ్లు చాలు."

"ఎరువు?"

డాక్టరు కళ్లజోడు సర్దుకుని, ఇక నాతోనే మాట్లాడాలని తీర్మానించుకున్నాడు. "అందాకా ఈ క్లిప్పు పన్ను పెట్టుకోండి. వాపు తగ్గినాక లూజవుతుంది. అప్పుడొకసారి రండి, సరిచేస్తా. గట్టిగా అరవద్దు."

"మాను మీద పద్యాలు పాడాల సార్" అన్నాను.

"ఏ మాను?"

నాయన వివరించాడు. డాక్టరు చాలాసేపు విని, "లూజయితే మాత్రం తప్పకుండా రండి" అన్నాడు. అంగిలికి అతుక్కునే గులాబీరంగు బిళ్ల, దాని అంచున వేలాడే ఒకే ఒక పన్ను. ఆ పూటే ఎముకలో స్క్రూ బిగించుకుని, దాన్ని తీసుకుని బస్సెక్కాం.

వాపు తగ్గింది. పన్ను లూజయింది. నేను వెళ్లానా? లేదు. ఎల్లుండి మాను ఎక్కబోతున్న అర్జునుడు పన్ను కోసం తిరుపతి బస్సులో నిలబడి పోతాడా? పైగా మా ఇంట్లో ఒక శాస్త్రజ్ఞుడు ఉన్నాడు.

"ముదురు పాకం కంటే గట్టిగా పట్టేది లోకంలో ఏదీ లేదురా" అన్నాడు నాయన. ముప్పొద్దులా బెల్లం వండే మనిషి మాట, ఎట్లా కాదంటాను? గానుగ దగ్గర పెనంలోంచి ఇంత పాకం తీసి బిళ్లకు పూసి నా అంగిలికి అదిమాడు. చింతచెట్టు నీడన పద్యమంతా పాడి చూశాను. పన్ను కదల్లేదు. నాయన తలపాగా సరిచేసుకుని, "డాక్టరు సదివిందేందో" అన్నాడు.

నీడలో కదల్లేదు. చిత్తూరు జిల్లా ఎండలో, ఎత్తైన మాను మీద, గొంతెత్తి పాడుతుంటే పాకం ఏం చేస్తుందో మేమిద్దరం ఆలోచించలేదు.

తపస్సు నాడు మెడలో రుద్రాక్షలు, నెత్తిన జడలు, చేతిలో విల్లు, భుజాన నిమ్మకాయల సంచి. సగం ఎక్కేసరికి నోట్లో తీపి మొదలైంది. భక్తి వల్ల అనుకున్నాను. ఇంకా పైకెక్కేసరికి ఆ తీపి గొంతులోకి జారింది. శివుడు ప్రసన్నుడవుతున్నాడని మరింత గట్టిగా పాడాను.

మంచె మీదికి చేరి కిందికి చూశాను. తడి చీరలు, చాచిన కొంగులు, పైకెత్తిన మొహాలు. అందరికంటే చివర, ఎవరూ తోసుకోని చోట మా వదిన. ఆమె ఒక్కతే నేలచూపు చూస్తోంది. గుడిమెట్ల మీద అమ్మ, పక్కన మేనత్త.

ఒక్కో నిమ్మకాయ వేశాను. ప్రతిదీ వదిన వైపే వేశాను. ప్రతిదాన్నీ ఇంకెవరో ఎగిరి పట్టుకున్నారు. ఒకటి సరిగ్గా ఆమె ముందుకు పోతే, పక్కామె తోసుకొచ్చింది, మా వదిన అలవాటు ప్రకారం ఓ అడుగు వెనక్కి వేసింది. సంచిలో ఆఖరి కాయ మిగిలింది. మేనత్త అమ్మతో ఏదో అనడం పైనుంచి కూడా కనపడుతోంది.

తపస్సులో ఉన్న అర్జునుడు బంధువుల్ని వరస పెట్టి పిలవకూడదు. నేను పిలిచాను. ప్రాణమంతా బిగపట్టి, ఒళ్లంతా నోరు చేసుకుని అరిచాను.

"వదినా! తలెత్తు!"

ఆమె తలెత్తింది. నా పన్ను బయల్దేరింది.

గులాబీ బిళ్లతో సహా ఎండలో మెరుస్తూ పోయింది. దాన్ని పట్టుకుందామని చెయ్యి చాచాను. ఆ చేతిలోని ఆఖరి నిమ్మకాయ జారి, డప్పాయన నెత్తిన పడి, ఎగిరి, జనం కాళ్లలో కలిసిపోయింది. పన్ను మాత్రం ఏ గురీ లేకుండా, ఏ తొందరా లేకుండా, మా వదిన ఒడి నడిమధ్యన పడింది.

వదిన ఒడిలోకి చూసింది. నావైపు చూసింది. మళ్లీ ఒడిలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా కొంగు మూసి, గుండెకు అదుముకుని, గుడి చుట్టూ తిరగడానికి బయల్దేరింది.

"పడిందా? మేయ్, నీకు పడిందా?" అంటూ అమ్మ మెట్లు దిగి పరిగెత్తింది. వదిన తలాడించింది. అమ్మ ఆమెను వాటేసుకుని అందరి ముందరే ఏడ్చింది. మేనత్త లేచి నీళ్లు తాగడానికి పోయింది.

ఇక నేను పైన కూర్చుని మిగతా పద్యాలు పూర్తి చెయ్యాలి కదా. "హివహంకరా" అన్నాను. ఈల వచ్చింది. తపస్సు తీవ్రమైనప్పుడు గాలి అట్లా వీస్తుందని కథ చెప్పే ఆయన జనానికి సర్దిచెప్పాడు. ఆయన చల్లగా ఉండాలి.

దిగగానే నాయన పట్టుకున్నాడు. "పన్ను యాడరా?"

"లేదు నాయనా."

"లేదంటే? కింద పడిందా?"

పడిందంటే ఊరంతా వెతుకుతుంది. వెతికితే వదిన కొంగు విప్పమంటారు. నేను తల అడ్డంగా ఊపాను.

"అయితే మింగినావా!"

తల నిలువుగా ఊపాను.

అంతే, అమ్మ అరటిగెల ముందర పెట్టుకుని కూర్చుంది. "తిను. లోపల గుచ్చుకోకుండా పోవాల. ఇంకొకటి తిను."

"సాలమ్మా."

"సాలంటావేందిరా, పన్ను కడుపులో పెట్టుకోని! తిను."

లేని పన్ను కోసం ఆ పూట నేను తిన్న అరటిపండ్లు గజేంద్రుడు కూడా తిని ఉండడు. వదిన గడప దగ్గర నిలబడి చూసింది. ఇంకో పండు ఒలిచి చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున అమ్మ కేక. "దేవుని గూటికి ఇన్ని సీమలేందే? గోడ పొడుగునా బారు కట్టినాయి! నిమ్మకాయకు సీమలు పడతాయా?"

పాకం! నాయన నావైపు చూశాడు. నేను చూరువైపు చూశాను. వదిన మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. "దేవుడిచ్చిన కాయ కదత్తా, తియ్యగుంటుందేమో" అంది మెల్లగా.

"యాడ, సూడనీ" అని అమ్మ గూట్లోని మూటమీద చెయ్యి వేయబోయింది. నేను దూకి అడ్డం నిలబడ్డాను.

"ముట్టుకోవద్దమ్మా! విప్పి సూస్తే ఫలం పోతుంది! అర్జునుణ్ణి నేను సెప్తావుండా!"

తొర్రి నోటితో చెప్పిన ఆ మాటకు అమ్మ ఎందుకు భయపడిందో నాకిప్పటికీ తెలియదు. చెయ్యి వెనక్కి తీసుకుని లెంపలేసుకుంది. నాయన గూటి కింద పసుపు చల్లి చీమల దారి మళ్లించాడు. ఆయనకు అప్పుడే అర్థమైపోయిందని తర్వాత తెలిసింది.

తిరుపతి పోయాను. డాక్టరు నోట్లోకి లైటు వేసి చూశాడు. "స్క్రూ గట్టిగానే ఉంది. క్లిప్పు పన్ను ఏది?"

"ఒకరి ఒడిలో పడింది సార్. దేవుని గూట్లో ఉండాది."

"తెచ్చుకోండి, సరిచేసిస్తా."

"అడగలేను సార్" అని జరిగింది చెప్పాను. డాక్టరు లైటు ఆర్పేశాడు. కొంతసేపు చేతులు తుడుచుకున్నాడు. "అడగొద్దులే. ఇంకోటి చేస్తాను" అన్నాడు. మా ఇంటి దేవుడి గూటికి ఆయన కూడా అప్పుడే కాపలాదారు అయిపోయాడు.

ఆ ఏడు సంబంధం మాట మళ్లీ ఎత్తలేదు ఎవరూ. ఒడి నిండిన కోడలిని ఎవరేమంటారు? నెలలు గడిచాయి. ఎముకలో స్క్రూ కుదురుకుంది, డాక్టరు దాని మీద అసలు పన్నును బిగించాడు. ఆ తర్వాత వదినకు నెల తప్పింది. ఆడపిల్ల పుట్టింది. దాన్ని ఎత్తుకుంటే వదిన గొంతు మళ్లీ ఇల్లంతా వినపడసాగింది.

పిల్లకు మొదటి పన్ను మొలిచిన రోజు వదిన నన్ను పిలిచి, పసుపు గుడ్డలో మూట చేతిలో పెట్టింది.

"నీ పన్ను నువ్వు తీసుకోప్పా. దానికి దాని పన్ను వచ్చేసింది."

"అది పన్నని నీకు తెలుసా వదినా?"

"కండ్లు లేవా నాకు? పడినప్పుడే తెలుసు."

"మరి కొంగెందుకు మూసినావు?"

వదిన పిల్ల చిగురు మీద వేలు రాసింది. "అందరూ సూస్తావుండారు. నా ఒడి ఆ పొద్దు కూడా ఖాళీగా పోతే నేను ఆ గుడికాడి నుంచి ఇంటికి రాలేనప్పా. ఏదో ఒకటి పడింది కదా. నువ్వు పంపిందే కదా" అంది.

నేను చేసిన వెధవపనికి ఆమె అంత విలువ కట్టిందని అప్పటిదాకా నాకు తెలియదు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ ఆ మాటలన్నీ తలుపు వెనక నుంచి అమ్మ వినింది. అమ్మ వింటే మా ఊరు విన్నట్టు. పూతలపట్టు సంత విన్నట్టు.

మళ్లీ భారతం వచ్చింది. మళ్లీ మాను ఎక్కాను, ఈసారి పాకం లేకుండా, ఎముకలో దిగిన పన్నుతో. వదిన పిల్లను చంకనేసుకుని గుడిమెట్ల మీద కూర్చుంది. పైకి చేరి నిమ్మకాయ తీశాను. కింద ఒడి పట్టిన ఒక్కరూ దానివైపు చూడలేదు. అందరి చూపూ నా మూతి మీదే.

"నిమ్మకాయ వద్దప్పా!" అని అరిచింది ముందరి వరస. "పన్ను వెయ్యి!"

"మాక్కూడా పన్నే!" అంది వెనక వరస.

"రాదమ్మా! ఎముకలో బిగించినాడు!"

"మీ వదినకైతే వచ్చిందా?"

మెట్ల మీద వదిన కొంగు నోట్లో కుక్కుకుని, పిల్లతో సహా ఊగిపోతూ నవ్వుతోంది. ఆ నవ్వు కోసం ఇంకో పన్ను పోయినా ఫరవాలేదనిపించింది. కానీ డాక్టరు గుర్తొచ్చాడు.

కాబట్టి ధర్మరాజుల సాక్షిగా, మా నాయన బెల్లపు పెనం సాక్షిగా చెబుతున్నాను. ఇక ఈ జన్మలో మాను మీద ఎవరినీ అరిచి పిలవను. శివుణ్ణి కూడా పెదాలు మూసుకునే పిలుస్తాను.