మామిడిపండ్ల పెట్టెలు

మార్చి నెల, రెండో శనివారం సాయంత్రం. పావగడ నుంచి బలసముద్రం పోయే బస్సులో ఉన్నవారు: నేను, కండక్టరు, సోలార్ ప్లాంటు కూలీలు ఆరుగురు, నా పక్క సీటులో అరచేతుల నిండా చెక్క గీరుకున్న గాట్లున్న ఒక యువకుడు. అతని పేరు అడగలేదు.

"యాడప్పా పని?" అన్నాను.

"బెంగళూరు పక్కన, సార్. చెక్కపెట్టెలు చేస్తా. వాటిలో తుపాకీ గుండ్లు నింపి బయటి దేశాలకు పంపుతారు. ఏ దేశానికో మాకు చెప్పరు." గొంతు తగ్గించాడు. "మా అమ్మకు మాత్రం మామిడిపండ్ల పెట్టెలని చెప్పినా. ఊరికొచ్చినప్పుడల్లా నా చేతులు పట్టుకొని, ఆ పండ్లు తినే బిడ్డలు సల్లగుండాల అంటాది. ఇంక ఇనలేను సార్. ఈ పొద్దు నిజం చెప్పేస్తా."

"ఏమంటాదో?"

"ఇంట్లోకే రానీదేమో."

మరునాడు ఉదయం తిరుగు బస్సు కోసం బలసముద్రంలో నిలబడి ఉంటే అతను సంచితో వచ్చాడు.

"చెప్పినావా? అన్నం పెట్టిందా?"

"చెప్పినా సార్. అన్నం పెట్టింది. ఇప్పుడు గడప దాటేటప్పుడు చేతులు పట్టుకొనింది. 'ఆ పెట్టెలు మోసే బిడ్డలకు చెక్క పేడు గుచ్చుకోకుండా నున్నగా చెయ్యి నాయనా' అనింది."