చంకలో కుదరని తమ్ముడు

నా చిన్నప్పుడు మా తమ్ముడు ఊరంతా తిరిగింది నా చంకలోనే. పుట్టినప్పటి నుంచీ వాడి కాళ్ళు బిగుసుకుపోయి ఉండేవి. ఇప్పుడు దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటున్నారు. అప్పట్లో మా రాజోలు పక్క పల్లెలో దానికో పేరుందనే తెలియదు. వాణ్ణి ఎత్తుకుని చర్చికీ, కాలవగట్టుకీ తిరిగేదాన్ని. వాడేం తక్కువవాడా, అటు కాదు ఇటు అంటూ నా జుట్టు పట్టుకుని లాగేవాడు.

ఓ ఆదివారం మా మేనత్త వచ్చింది. ఆవిడ కాకినాడలో నర్సు. చర్చి నుంచి వస్తూ, నా వెనకే నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి నన్ను ఆపింది.

"వాడి రెండు కాళ్ళూ ఒకపక్కకే వేసి ఎత్తుకున్నావేమే? ఇదివరకు ఎలా ఎత్తుకునేదానివి?"

"నడుంకి అటో కాలూ ఇటో కాలూ వేసేదాన్నత్తయ్యా. ఈమధ్య కుడికాలు విడట్లేదు, జారిపోతన్నాడు."

ఇంటికి రాగానే అత్తయ్య వాణ్ణి చాప మీద పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి మెల్లగా విడదీసి చూసింది. ఎడమది వచ్చింది, కుడిది సగంలో ఆగిపోయింది. ఎక్స్‌రే తీయిద్దామంది. మా మామ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఏడవని పిల్లాడికి ఎక్స్‌రే ఏంటే, చోద్యం కాకపోతే!"

"ఏడ్చేదాకా ఆగితే వీడు కూర్చోలేడమ్మా" అంది అత్తయ్య నెమ్మదిగా. మా అమ్మ గబగబా బట్టలు సర్దింది.

పంటు మీద గోదావరి దాటి కాకినాడ వెళ్ళాం. తొడ ఎముక తుంటి గుంటలోంచి పక్కకి జరగడం మొదలైందట. తొందరగా తెలిసింది కాబట్టి తొడ కండరాలు వదులు చేసే చిన్న ఆపరేషన్‌తో సరిపోయింది. "కనిపెట్టింది మా మేనకోడలేనండీ" అని అత్తయ్య డాక్టరుగారికి నన్ను చూపించింది. అబ్బో, అప్పుడు నా గొప్ప చూడాలి! ఆ తర్వాత వాడు ఎదిగినన్నాళ్ళూ, నొప్పి ఉన్నా లేకపోయినా, ఆర్నెల్లకోసారి ఎక్స్‌రే తీయించాల్సిందే. అత్తయ్య ఒక్కసారీ తప్పనివ్వలేదు.

తమ్ముడు నడవలేదు. కానీ యాభై దాటినా నొప్పి లేకుండా నిటారుగా కూర్చుంటాడు. చర్చిలో కంజీర వాయించేది వాడే, నేను పాట తప్పితే అందరిముందూ నవ్వేదీ వాడే. వాడలా నవ్వుతుంటే నాకెంత సంతోషమో.

ఇప్పుడు మా వీధిలో అలాంటి పాప ఉంది. మొన్న వాళ్ళమ్మ, "నొప్పేం లేదండీ, ఎక్స్‌రేకి పండగెళ్ళాక వెళ్తామండీ" అంది.

"నొప్పి లేనప్పుడే వెళ్ళాలమ్మా. పద, నేనూ వస్తాను."

"ఆయ్, అలాగేనండీ" అంటూ బయల్దేరింది.

ఆటోలో పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పోయిన నెల ఎలా కూర్చునేదమ్మా అని అడిగాను. అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. కానీ పిల్లని రోజూ ఎత్తుకునే మనిషినే ముందు అడగాలని ఆవిడ నేర్పింది, ఏ పిల్లని చూసినా నా నోటికి ఆ ప్రశ్నే వస్తుంది.