సుగ్రా బేగం చంపలేని సికందర్

సుగ్రా బేగంది రాయచోటి. రంజాన్ నెలలో తెల్లారకముందే దఫ్ వాయిస్తూ వీధివీధీ తిరిగి, జనాన్ని ఉపవాసానికి ముందు తినే సహరీకి లేపే ఫకీరు ఆమె తండ్రి. అబ్బా అని పిలిచేది. ఇంటికొచ్చాక కూతుర్ని పక్కన కూచోబెట్టుకుని సికందర్ కతలు చెప్పేవాడు. బడి మొహం చూడని సుగ్రాకు ఆ కతలన్నీ నోటికొచ్చు. మొగుడు పోయాక ఆమె అరబ్బు దేశంలో, సముద్రపొడ్డునున్న అల్ ఖోబర్‌లో ఒక ముసలమ్మ ఇంట్లో పనికి కుదిరింది.

ఆ ముసలమ్మను అందరూ ఉమ్ సాలెహ్ అనేవాళ్లు, అంటే సాలెహ్ తల్లి అని. ఖఫ్జీ రోడ్డు మీద కారు తిరగబడి ఆ సాలెహ్ పోయాడు. పరామర్శకు వచ్చినవాళ్లు మూడు రోజులకు వెళ్లిపోయారు. ముసలమ్మ మాత్రం పళ్లెం ముట్టడం మానేసింది. కూతుళ్లు బతిమాలారు, డాక్టరు బెదిరించాడు. గుక్కెడు మజ్జిగ కూడా దిగలేదు.

ఒకనాడు సుగ్రా మంచం పక్కన నేలమీద చతికిలబడి, వచ్చీరాని అరబ్బీలో మొదలుపెట్టింది. అక్కడి పనిమనుషులంతా యజమానురాలిని పిలిచినట్టే, "మామా, సికందర్ గుర్రం కత తెలుసునా నీకు?" అంది.

"ఎవరు, ఇస్కందరా?" ముసలమ్మ కళ్లు తెరిచింది.

"ఆ, ఆ గ్రీకు రాజే. ఆ గుర్రం ఎవర్నీ ఎక్కనీయదు. దాని నీడ చూసి అదే బెదురుతోందని, పిల్లోడుగా ఉన్నప్పుడే సికందర్ కనిపెట్టి, మొగాన్ని ఎండకు తిప్పి ఎగిరి కూచున్నాడు. ఒక్క ముద్ద తిను, తర్వాతేమైందో చెప్తా."

"నాతోనే బేరమా, సిగ్గులేనిదానా!" అంటూనే ముసలమ్మ నోరు తెరిచింది.

అలా మిస్రు దేశం లొంగింది, దారా చక్రవర్తి ఓడాడు, ఏనుగులతో పోరస్ ఎదురొచ్చాడు. ఒక్కో కోటకు ఇన్ని ముద్దలు. ముసలమ్మ గోడ పట్టుకుని వరండా దాకా నడిచింది. కత ముందుకు పోయేకొద్దీ సుగ్రాకు గుబులు పట్టుకుంది. ఇక బాబిలోన్‌లో సికందర్ జ్వరంతో పోవాలి. ముప్పై మూడేళ్లు కూడా నిండలేదు, సాలెహ్ వయసే. వాణ్ని చంపితే ఈ తల్లి మళ్లీ పళ్లెం నెట్టేస్తుంది.

అందుకని చంపలేదు. చైనాకు తోలింది. రాయచోటికి రప్పించి మామిడిపళ్లు తినిపించింది. చివరికి ఓడెక్కించి అల్ ఖోబర్ ఒడ్డునే దింపింది.

ముసలమ్మ పక్కున నవ్వింది. "అబద్ధాలకోరు! వాడిక్కడికి రానేలేదు. ఓడలు సిద్ధం చేసుకుంటూనే పోయాడు. ఆ మాత్రం నాకు తెలీదా?" నవ్వు ఆపి, "వాణ్ని పోనీ, సుగ్రా. వాడి తల్లి ఏం చేసింది? అది చెప్పు," అంది.

సుగ్రా పళ్లెం వంక ఓసారి చూసింది. అయినా చెప్పింది. "నేను పోయినాక పెద్ద విందు చెయ్యమ్మా, తమవాళ్లను ఎవర్నీ పోగొట్టుకోనివాళ్లే తినాలని చాటించు అని తల్లికి ముందే చెప్పినాడంట. ఊరంతా వచ్చినారు. ఒక్కరూ చెయ్యి చాపలేదు."

"మరి ఆ తిండంతా ఏమైంది?"

ఆ సంగతి అబ్బా ఎప్పుడూ చెప్పలేదు. సుగ్రా ఆలోచించి, "ఏమవుతుంది మామా? ఆకలైనాక అందరూ కలిసి తినుంటారు," అంది.

ముసలమ్మ ఆమె మొహంలోకి చూసింది. "నీకెవరు పోయారు?" ఇన్నాళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు.

"మొగుడు. ఇక్కడికొచ్చినాక అబ్బా. మట్టి వెయ్యడానికి కూడా పోలేకపోయినా."

ఉమ్ సాలెహ్ మాంసంతో వండిన కబ్సా అన్నం పళ్లెం తనే ముందుకు లాక్కుంది. రోజూ వంటింట్లో ఒంటరిగా తినే సుగ్రాకు ఎదురుగా చోటు చూపించింది. "కూచో, చల్లారిపోతోంది."

ఇద్దరూ ఒకే పళ్లెంలో చేతులు పెట్టారు. ముసలమ్మ మెత్తటి మాంసం ముక్క విరిచి సుగ్రా వైపు నెట్టింది.

"రేపు ఇంకో రాజును పట్టుకురా," అంది నములుతూ. "ఈసారి కాస్త ముసలాణ్ని చూడు."